గీత దాటకుండా

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని తండ్రీకూతుళ్లు ప్రింటు తీసిన జిరాఫీ బొమ్మకు రంగులు వేస్తున్నారు. లోపల పాప తల్లి ఉంది.

“నాన్నా, కాలికి ఆకుపచ్చ వేశావేంటి?”

“చూసుకోలేదు తల్లీ. నువ్వేంటి, మరీ అంత మెల్లగా వేస్తున్నావు?”

“గీత దాటకూడదు.”

“దాటితే ఏమవుతుంది?”

“అమ్మకి ఏమైనా అవుతుంది.”

అతను పసుపు పెన్సిల్ తీసుకుని, మెడ మీంచి కాగితం అంచుదాకా బరబరా గీసేశాడు.

“వద్దు నాన్నా!”

“నేను దాటేశాగా. అమ్మకేం కాదు, చూస్తూ ఉండు.”

తలుపు తెరుచుకుంది. పాప గబుక్కున రెండు చేతులతో బొమ్మను కప్పేసింది.

“గండం గడిచిందండీ,” అంది నర్సు. “కళ్లు తెరవగానే పాపేదని అడిగారు.”

పాప నర్సు వెంట పరుగెత్తింది. అతను మాత్రం బల్ల మీదే ఉండిపోయి, గీత దాటిన పసుపు రంగును బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు.