పిల్లల్లేని ఊరు

మరీ ఇంత సిగ్గులేనివాడా అయ్యా నీ తమ్ముడు! ఊళ్ళో పసిపిల్లలందర్నీ కొండమీద తోటలో దాచేసి, పిల్లల బడి సంగతి చూడ్డానికొచ్చిన మంత్రికి పందిమాంసం పెట్టి పంపించాడు. ఇప్పుడేమో ఊరి పరువు నేను తీశానట!

ఉండు, కాస్త కూర్చోనీ. మోకాళ్ళు పట్టేశాయి. నీ సమాధి మీద గుడ్డలారేశానని మొహం ముడుచుకోకు ఉయెలెసె, వాకిట్లో ఎండ బాగా తగిలేది ఇక్కడే. అన్నీ నీ మనవడివే. బతికున్నన్నాళ్ళూ ఒక్క గుడ్డ ఆరేసిన పాపాన పోలేదు, ఇప్పుడన్నా ఇంటిపనికి అక్కరకొచ్చావు.

ఏం, తమ్ముణ్ణంటే పొడుచుకొచ్చిందా? రానీ. నువ్వున్నప్పుడు నాకు మాట్లాడే సందిచ్చావా? ఊరందరి తరఫునా మాట్లాడే పెద్దమనిషివాయె. నువ్వు తిండి ముందు ప్రార్థన మొదలెడితే చేపలు చల్లారి, ఈగలు ముసిరి, పిల్లలు కూర్చున్నచోటే నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు వంతు నాది. మధ్యలో అడ్డు రావుగా? రావులే.

మన అమ్మాయి ఫువాతినో సంగతే తీసుకో. ఆపియా పట్నంలో బట్టల షాపులో నిలబడుతోంది కదా. ఈ చంటాడు లెమెకీ పుట్టాక ఆ షాపాయన ఇచ్చిన సెలవు చూడాలి! పచ్చి ఒళ్ళు ఆరనే లేదు, రమ్మని కబురు. ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్ళకైతే నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తారు. మరి షాపుల్లో నిలబడేవాళ్ళు కన్నవి పిల్లలు కావా, కుక్కపిల్లలా?

తెల్లారగట్లే బస్సెక్కుతుంది పిచ్చిది. మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్ళైపోతాయి. షాపు వెనక మరుగుదొడ్డిలో నిలబడి, చేతులు కడుక్కునే తొట్టిలోకి పిండిపారేస్తుంది. ఇక్కడ వీడు సీసా నోట్లో పెడితే ఉమ్మేసి, గుక్కపట్టి ఏడుస్తాడు. పాలేమో అక్కడ కాలవలో పోతున్నాయి, పిల్లాడేమో ఇక్కడ ఆకలికి మెలికలు తిరిగిపోతున్నాడు. ఎవడయ్యా ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు?

ఇక పెద్ద మనవరాలు. సలోమె. వీడికి గుడ్డ మారుస్తున్నా, ఇంతలో ఎప్పుడు జారుకుందో, వెళ్ళి సముద్రంలో మెడలోతుకి దిగిపోయింది! పాస్టరుగారి భార్య చూసి ఈడ్చుకొచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నీ పక్కన ఇంకో చిన్న సమాధి కట్టుకునేవాళ్ళం. నేనేం చెయ్యను? నాకున్నవి రెండు కళ్ళు, పరిగెత్తలేని రెండు కాళ్ళు.

ఆ రోజు ఫువాతినో ఏడవలేదు. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది. "అమ్మా, వీళ్ళని చూసుకునే చోటు దొరక్కపోతే నేను పని మానేస్తా" అంది. మానేస్తే? అల్లుడు పడవల మీద తిరుగుతాడు, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఈ ఇంట్లో ఉప్పూ సబ్బూ దీపం అన్నీ దాని జీతమే.

చర్చి పక్కన మేం ఆడవాళ్ళం కట్టుకున్న పిల్లల బడి ఉండేదిగా, అది మూతపడింది. మాతాలెనా ఎంత ముద్దుగా నడిపేది! పెద్ద బడి టీచర్లకి ప్రభుత్వం జీతమిస్తుంది. ఈమెకి మనమిచ్చిందేంటి? సీమపనసకాయలు, దీవెనలు. దీవెనలు కడుపు నింపుతాయా? హోటల్లో పక్కలు సర్దే పనికెళ్ళిపోయింది. తప్పంటావా? నేననను.

అందుకే మా మహిళా సంఘం కూర్చుని తేల్చింది. మంత్రి వస్తున్నాడు, రెండే రెండు అడగాలి. పిల్లల బడి టీచరుకి జీతం. షాపుల్లో చేసే తల్లులకి కూడా సరిపడా సెలవు. అంతే, ఆకాశంలో చుక్కలేం అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు, మంత్రి పెడతాడా?

నీ తమ్ముడు సేఫో ఏమన్నాడో తెలుసా? "వదినా, అడగడానికి ఓ పద్ధతుంది. అది నేను చూసుకుంటా. మీరు వంట చూడండి."

చూశాం. వంట చూశాం, చాపలు చూశాం, పూలదండలు చూశాం. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడని ఊరికే అన్నారా? అక్కడితో ఆగాడా? పెద్దలు కూర్చున్నచోట పిల్లలు నిలబడి తిరిగితే అమర్యాదట! ఊరి కుర్రాళ్ళని పురమాయించి, చంటాళ్ళు తప్ప నడక వచ్చిన ప్రతి పిల్లనీ లారీ ఎక్కించి, బన్నులిచ్చి కొండమీద టారో దుంపల తోటలోకి తోలేశాడు. చంటాళ్ళున్న తల్లుల్ని గుడిసెల్లోంచి కదలొద్దన్నాడు. పిల్లల కోసం వస్తున్న మనిషికి పిల్లలు కనపడకూడదట! ఈ తెలివి ప్రపంచంలో ఇంకెవరికన్నా వస్తుందా అయ్యా, మనకి తప్ప?

మంత్రి వచ్చాడు. వస్తే, ముందు ఎవరు మాట్లాడాలని పెద్దమనుషుల మధ్య వాదులాట. "మీరు పెద్దలు, మీరే మాట్లాడాలి." "అబ్బే, తమరుండగా నేనా?" అంటూనే ఎవడూ కూర్చోడు. మర్యాదలతో తన్నుకున్నారనుకో. సగం పొద్దు అక్కడే పోయింది. చివరికి నీ తమ్ముడు గెలిచాడు. మంత్రి తాత, ముత్తాత, వాళ్ళ ఊరు, వాళ్ళ ఊరి కొండ, ఆ కొండకి దేవుడు పెట్టిన పేరు... అన్నీ వచ్చాయి, పిల్లల బడి మాత్రం రాలేదు. తర్వాత మర్యాదకి కావా వేళ్ళ రసం తాగారు. తర్వాత పందుల్ని తెచ్చారు, మేము నెలల తరబడి అల్లిన చాప తెచ్చి ఆయన ముందు పరిచారు.

ఇక అడగాలిగా? అడగరట! కానుక ఇచ్చి వెంటనే చెయ్యి చాపితే, ఇచ్చినదానికి వెల అడిగినట్టుంటుందట! వెనక కూర్చుని నేను గొంతు సవరించుకున్నా, దగ్గా, నీ తమ్ముడి వీపు వైపు కొరకొరా చూశా. అబ్బే! వీపుకి చూపులు గుచ్చుకుంటాయా?

అప్పుడు మంత్రి నవ్వుతూ అన్నాడయ్యా, "ఎంత ప్రశాంతంగా ఉంది మీ ఊరు! పక్క ఊళ్ళో నా ఒళ్ళంతా పిల్లలే. ఇక్కడ ఒక్కరూ కనపడరే?"

ఆ సేఫోగాడు ఏం చెప్పాలి? తోటలో ఉన్నారు, పిలిపిస్తాను అనాలా వద్దా? "మా ఊరు అల్లరి లేని ఊరండీ" అన్నాడు! ఛాతీ ఇంత పొంగించి!

ఇంకేముంది, పిల్లల బడి పక్క ఊరికి ఇస్తున్నామన్నాడు మంత్రి. మనకేమో అతిథుల ఇంటికి కొత్త రేకులట. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. సాయంత్రం పిల్లలు కొండ దిగొచ్చారు, సగం మందికి చీమలు కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు.

నిద్రపడుతుందా నాకు? నిన్న వీణ్ణి చంకనేసుకుని, సలోమెని పాస్టరుగారి భార్యకి అప్పజెప్పి, బస్సెక్కి ఆపియాలో మంత్రి ఆఫీసుకి పోయా. పొద్దున్నించీ కూర్చోబెట్టారు. ఎట్టకేలకు వచ్చాడు, కారెక్కడానికి పోతూ నన్ను చూసి ఆగాడు. "ఏమ్మా?" అన్నాడు.

నవ్వకు. నవ్వితే ఈ గుడ్డలన్నీ తీసి బురదలో పారేస్తా. కుర్చీలుండగా నేలమీద చతికిలబడ్డానయ్యా! తలొంచుకున్నా. అడగాల్సింది నాలిక మీద ఉంది, నోరు తెరిస్తే వచ్చిందేంటి? తమరి రాకకి వందనం, తమరి వంశానికి వందనం, తమరి ఊరి కొండకి వందనం! ఆపుదామంటే ఆగదే! ఇన్నేళ్ళు నీ పక్కన పడుకున్నదాన్ని, నీ జబ్బు అంటకుండా ఉంటుందా?

ఆయన ఓపిగ్గా విన్నాడు. వాచీ చూసుకున్నాడు. "సంతోషం తల్లీ, వెళ్ళిరా" అని కారు తలుపు మీద చెయ్యేశాడు.

అప్పుడు వీడు కెవ్వుమన్నాడు. మామూలుగా కాదు, ఆఫీసులో ఉన్న వాళ్ళంతా లేచి బయటికొచ్చేలా. మంత్రి వెనక్కి తిరిగాడు. "పిల్లాడి తల్లేది?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో నా నోటి కట్టు తెగిపోయింది. "తమరి వెనక వీధిలోనే ఉందండీ, బట్టలమ్ముతోంది. వీడి పాలు అక్కడ కాలవలో పోతున్నాయి" అన్నా. ఇక వరసపెట్టి అన్నీ అనేశా. సెలవు సంగతి, మాతాలెనా సంగతి, సలోమె సముద్రంలో దిగిన సంగతి. తోటలో దాచిన పిల్లల సంగతి కూడా! ఆయన మొహం మాడిపోయింది. పక్కనున్న కుర్రదానితో "రాసుకో" అన్నాడు. మళ్ళీ మన ఊరొస్తాడట, ఈసారి పిల్లల్నే చూస్తాడట. సెలవు మాటకి మాత్రం "చూద్దాం" అన్నాడు. వాళ్ళు చూసే చూపులు మనకి తెలీనివా!

ఫువాతినోకి చెప్పా. "అయితే అప్పటిదాకా ఆగుతానమ్మా" అంది. అంతమాత్రం దానికే దాని మొహం ఎలా విప్పారిందో నువ్వు చూడాల్సింది.

ఇదీ నేను తీసిన పరువు. పొద్దున నీ తమ్ముడు వచ్చి ఇదే వాకిట్లో నిలబడి కేకలు. వంశం, మర్యాద, ఆడది, అన్నీ అయ్యాయి. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి ఏమన్నాడో చెప్పనా? "మంత్రి మళ్ళీ వస్తాడు కదా, ఈసారి పిల్లల్ని కాస్త దూరంగా పంపించాలి వదినా. కొండమీంచి పోయినసారి గోల వినపడింది."

ఏం చెయ్యమంటావ్ వీణ్ణి? పంది కన్నా మందం చర్మం!

ఇదుగో, గంట కొట్టేస్తారు, ప్రార్థనకి లోపలికి పోవాలి. ఒక్క మాట. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను, నువ్వు పైకి చెప్పలేవు కాబట్టి చెప్తున్నా.

వాడు నిన్న ఊరికే ఏడవలేదు. నేనే గిల్లా. మంత్రి చెయ్యి కారు తలుపు మీద పడింది, నా నోట్లో ఇంకా ఆ దిక్కుమాలిన కొండకి వందనాలే తిరుగుతున్నాయి, ఏం చెయ్యాలో తెలీక గుడ్డ కింద చెయ్యిపెట్టి వాడి తొడ నులిమేశా. గట్టిగానే. నా చెయ్యి విరిగిపోను, నిద్రపోతున్న పసివాణ్ణి! బస్సులో వచ్చినంతసేపూ వాడు వెక్కుతూనే ఉన్నాడు, నేనూ వెక్కుతూనే ఉన్నా.

ఇందాక ఫువాతినో వాడికి నీళ్ళు పోస్తూ "అమ్మా, ఈ మచ్చేంటి?" అని అరిచింది. దోమ కుట్టిందన్నా.

అట్లా చూడకు ఉయెలెసె. మాటలతో పనవుతుందా, నువ్వు జీవితమంతా మాట్లాడావుగా, ఏం ఒరిగింది? మంత్రి రానీ. నీ తమ్ముడు పిల్లల్ని ఏ కొండ వెనకైనా దాచుకోనీ. చంటివాణ్ణి నా చంకలోంచి ఎవడూ లాక్కుపోలేడు, వాడికి రెండో తొడ ఇంకా బాగానే ఉంది.