ఈసారి ఓటు వెయ్యనమ్మా

అమెరికాలోని చాండ్లర్‌లో మిడ్‌టర్మ్ ఎన్నికల ప్రచారానికి తిరుగుతున్న అదితి ఓ తెలుగువాళ్ల ఇంటి తలుపు తట్టింది.

"ఆంటీ, మన కాంగ్రెస్‌మన్ రిటైర్ అవుతున్నారు. ఆ సీటుకి మా క్యాండిడేట్ పోటీ చేస్తున్నారు. ఓటేస్తారా?"

"ఈసారి ఎవరికీ వెయ్యనమ్మా. రెండు ఎన్నికల్లో మా ఆయన ఆ కాంగ్రెస్‌మన్ కోసం నీలాగే ఎండలో తిరిగారు. తన క్యాన్సర్ మందుకి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోకపోతే సాయం చెయ్యమని ఆ ఆఫీసుకే ఫోన్ చేశారు. చూస్తామన్నారు. మా ఆయన చనిపోయాక నెలకి, ఆయన పేరు మీదే ఉత్తరం వచ్చింది. రిటైర్ అవుతున్నాను, ఇన్నాళ్లూ తోడున్నందుకు థాంక్స్ అని."



"అప్పుడు నేను అక్కడ ఇంటర్న్‌ని, ఆంటీ. ఆ ఫోన్ ఎత్తింది నేనే. ఫైల్ పైకి పంపాను. ఏమైందని మళ్లీ అడగలేదు."

"నీ గొంతు గుర్తుపట్టానమ్మా, ఆ రోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. తెలుగమ్మాయి మాట్లాడింది, ఇంక పనైపోతుందని ఆయన ఎంత సంబరపడ్డారో!"