క్యాంపుల చెప్పిన మాట

గవాయి చెప్పే సాక్షులల్ల నా పేరెందుకు కొట్టేసినవ్ వకీలమ్మా? నీ గుమస్తా చెప్పిండులే. గోపమ్మ ముసల్దాయె, మతిమరుపు, జడ్జి ముందట తడబడ్తది, నా బిడ్డ బీరమ్మ కేసు ఖరాబైతదని అన్నవట. అన్నవా, లేదా? నా మొకం చూసి చెప్పు.

సరే, మర్శిపోతున్న. దాచేదేమున్నది? పొయ్యి మీద పాలు పెట్టి మర్శిపోతున్న. మొన్న మన్మరాలిని నర్సింగమ్మా అని పిల్శిన. నర్సింగమ్మ నా చెల్లె, సచ్చిపోయి ఎన్నేండ్లాయెనో. అందుకే గదా తెల్లారంగనే బస్సెక్కి పాలమూరు కోర్టుకు ఉరికొచ్చిన. మాట లోపల ఉన్నప్పుడే చెప్పేస్త. జర ఈ అరుగు మీద కూసో బిడ్డా, నా మోకాళ్ళు నిలవడనిస్తలెవ్వు.

నా కొడుకు ఐలేశం కోర్టుల ఏమని కాయితమేసిండు? చెల్లెకు పోలియో, కాళ్ళల్ల పాణం లేదు, తన మంచిచెడ్డ తను చూసుకోలేదు, నన్ను పెద్దదిక్కుగ పెట్టి దాన్ని ఇంటికి పంపుండ్రి అని. అంతే గదా?

వాడు చెడ్డోడు కాదు. మా కులపోడు గుర్వయ్య ఊర్ల నలుగురి ముందట అన్నడట, ‘గొర్లకు దొడ్డి కట్టినోనికి చెల్లెకింత జాగా దొరకలేదా’ అని. గది వానికి కడుపుల మంట. మరి గుర్వయ్య నోరు మూయనీకి నా బిడ్డ ఒక్కతే ఉంటున్న కిరాయి రూము ఇడ్శిపెట్టాల్నా?

నువ్వు చూసినవ్ గదా ఆ రూము, జడ్చర్ల బస్టాండు ఎనక. ఇంటి ఓనరు లియాఖత్ అలీ సాబు మెట్టు తీసేయించి, చక్రాల బండి ఎక్కనీకి ఏటవాలుగ బండ పర్పిచ్చిండు. ఒక్కదానివి ఎట్లుంటవమ్మా అంటే, ‘పొద్దున తలుపు నేనే తీస్త సాబ్, మాపటికి గొళ్ళెం నేనే పెడ్త’ అన్నదట. చేతి మిషన్ మీద బడి పిల్లల లాగులు కుడ్తది. పొయ్యి నేల మీద, నీళ్ళు చేతికందేటట్టు. నేను పోతే నాకు చాయ్ పోసిచ్చింది.

మా ఇంట్లనేమో ముప్పై ఏండ్లు సగం బువ్వే తిన్నది. నీళ్ళు గూడ తక్కువ తాగేది. దాని ఆకలే గంత అనుకున్న. కాదు. తింటే బయటికి ఎత్తుకపోవాలె గదా, ఒకల్ని పిలవాలె గదా. జడ్చర్లల కడుపునిండ తినంగ చూసినంక నాకు ఎరుకైంది. కన్నదాన్ని, గప్పటిదాంక ఎరుక లేదు.

ఢిల్లీల కొత్త చట్టం చేసిండ్రు, వికలాంగులకు అందరి తీరు హక్కులున్నయి అంటివి. సంతోషం. గని ఐలేశం చేతుల దవాఖానోళ్ళ సర్టిఫికెట్ ఉన్నది. వందకు తొంభై, సొంతంగ బువ్వ తిననీకి గూడ చేతకాదని రాసున్నది. డాక్టరు సరిగ చూడకుంట రాసిండని జడ్జికి చెప్తవట?

అట్ల చెప్పకు బిడ్డా. డాక్టరు మంచిగనే చూసిండు.

గప్పట్ల పింఛను సర్టిఫికెట్లియ్యనీకి మా ఊరి బడిల క్యాంపు పెట్టిండ్రు. బయట లైన్ల తల్లులందరు ఒక్కటే నేర్పుడు. ఏం చేతకాదని చెప్పు, లేకుంటే పర్సెంటు తక్కువేస్తరు అని. నాగులమ్మ కొడుకు కర్ర పట్టుకొని నడుస్తడు. కర్రను గోడ ఎనక దాచి, మీసాలొచ్చిన పిలగాన్ని సంకనెత్తుకొని లోపలికి పోయింది. మేము కొంగులు నోట్లె కుక్కుకొని నవ్వినం.

మా వంతొచ్చింది. ‘చేతులెత్తమ్మా’ అన్నడు డాక్టరు. బీరమ్మ ఎత్తవోయింది. కొంగు కింద దాని మణికట్టు నేను గట్టిగ పట్టుకున్న. ‘చేతులు గూడ రావు సారూ, నేనే కలిపి పెడ్త’ అన్న. అప్పటికే ఊర్ల రవికెలన్ని కుట్టే చేతులు అవి.

ఏందట్ల చూస్తవ్? పింఛను బంద్ పెడ్తరా? పెట్టనీ. నా మీద కేసైతదా? కానీ. ఈ వయసుల నన్ను జైల్ల పెడ్తే, నాకు మందుగోళీలెవరు గుర్తుచేస్తరో వాళ్ళే చూసుకోవాలె. ఐలేశం ఇంట్లకు రానియ్యడంటవా? బీరమ్మ రూముకు పోత. అది రానిస్తే. రానియ్యకుంటే అది దాని ఇష్టం, దాని తలుపు.

తారీకు అడిగితే నాకు రాదు. ఆ డాక్టరు పేరూ రాదు. గని గా మణికట్టు మర్వలేదు. గుంజుకుంటే నేనాపలేకపోదును, మిషన్ తిప్పే చెయ్యి గదా. గుంజుకోలే. అందరి ముందట తల్లి ఇజ్జత్ పోతదని తల వంచుకొని ఊకున్నది.

రేపు జడ్జి ఎన్ని తీర్ల అడిగినా, ‘మా అమ్మ అబద్ధమాడింది’ అని దాని నోట్లకెల్లి రాదు. గా ఒక్కటే దానికి చేతకాదు. నేనే చెప్పాలె.