బాల్కనీ తలుపుకి నేను బిగించిన తాళం

టీచరక్కా, తాళంచెవి లోపల మర్చిపోయి తలుపు లాగేసుకున్నావు, సరే, మనిషన్నాక మరుపు ఉంటుంది. కానీ మెట్ల మీద కూలబడి, పిల్లల పరీక్ష పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకునే బదులు నాకొక్క ఫోన్ కొట్టి ఉంటే ఆ తలుపు సంగతి చిటికెలో తేల్చేవాణ్ణి. అందరికీ తాళాలంటే భయం. తాళాలకి నేనంటే భయం.

నవ్వింది ఎవరు? నాకు మొహాలు కనపడటం లేదు, కళ్ళజోడు లోపల టేబుల్ మీద ఉండిపోయింది, ఫోన్లో మీరు ముగ్గురూ మూడు మసక మరకల్లా ఉన్నారు. అయినా గొంతు బట్టి చెప్తాను, నవ్వింది హార్డ్‌వేర్ బావ. షాపు షట్టర్ దించుతూ కూడా నవ్వడానికి తీరిక దొరుకుతుంది ఈ మనిషికి. చప్పుడు లేకుండా ఉన్నది నర్సు చెల్లి, డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని ఉంటుంది. ఆదివారం ఆదివారం ఇలా ఫోన్లో చేరి, ఆ వారం ఎవరి చేతిలో ఏది పగిలిందో, ఎవరు ఎవరి చేత తిట్లు తిన్నారో చెప్పుకోవడం మనకి అలవాటే. ఈవేళ మాత్రం ఒక్క షరతు. నా కథ అయ్యేదాకా ఎవరూ కాల్ కట్ చెయ్యకూడదు. ఎందుకా? ఊరికే. మనుషులు తోడుంటే బావుంటుంది.

“బాల్కనీలో ఏం చేస్తున్నావు అన్నయ్యా? తలకి ఆ తువ్వాలేంటి?” అని అడిగింది నర్సు చెల్లి.

ఆరిన బట్టలు తీద్దామని వచ్చాను చెల్లీ, గాలి బావుందని ఉండిపోయాను. తువ్వాలు చలికి. గాలి బావుండకూడదా, చలి వెయ్యకూడదా, రెండూ ఒకేసారి ఉండకూడదని రూలేమైనా ఉందా? ఆ, అది విజిలే, మా కుక్కరే, ఎవరూ కంగారు పడకండి. మీ వదిన పక్క వీధిలో వాళ్ళక్క ఇంటికి వెళ్తూ నాకు అప్పగించిన పని అదొక్కటే. మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యండి, ఇంక దేన్నీ ముట్టుకోకండి అంది. కొత్త కుక్కర్, తన జీతంతో నాలుగు షాపులు తిరిగి ఎంచుకుని తెచ్చుకుంది. పాతది నేను మాడ్చానని ఊరంతా చాటింపు వేసింది కానీ అది నేను మాడ్చలేదు, దానంతట అదే మాడింది. ఇది కూడా మాడితే ఈ జన్మలో ఏ పనీ నమ్మి మీ చేతికివ్వను అంది గుమ్మంలో నిలబడి. ఎన్ని అన్నా దులుపుకుని పోయేవాణ్ణే గానీ, ఆ మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది. సరే, అది వేరే సంగతి.

మనం తాళం దగ్గర ఉన్నాం. పోయిన ఆదివారం గ్రూపులో ఫొటో పెట్టాను కదా, ఇదిగో, నా వెనకాల ఉన్న ఈ అద్దాల తలుపుకే, ఆటోమేటిక్ లాక్, బావ షాపులోదే. తలుపు మూసుకుంటే చాలు, తనంతట తనే పడిపోతుంది. వడ్రంగిని పిలవమని మీ వదిన, వడ్రంగిని పిలవమని బావ, ఇద్దరిదీ ఒకటే పాట. నేను వింటానా? డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నాను, పోసుకున్న టీ చల్లారేలోపు బిగించేశాను. బొక్కలు రెండు ఎక్కువ పడ్డాయి, అవి గాలి కోసం కావాలనే పెట్టాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటాయన చూడ్డానికొచ్చి ఓసారి లాగాడు. రాలేదు. రోజూ బరువులెత్తే వాళ్ళబ్బాయి వచ్చి లాగాడు. రాలేదు, వాడి భుజం వచ్చింది. ఇక బిల్డింగులో ఉన్న మగాళ్ళంతా చేరి, హ్యాండిల్‌కి తాడు కట్టి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి లాగితే తలుపు కదల్లేదు సరికదా, బిల్డింగే ఇటు ఒరిగింది. నిజం చెప్తున్నా, ఆవేళ్టి నుంచి పై అంతస్తు వాళ్ళ గ్లాసుల్లో నీళ్ళు ఓ పక్కకే నిలబడుతున్నాయి. అద్దెకున్నవాళ్ళు కాబట్టి పాపం ఏమీ అనలేకపోతున్నారు.

రెండో విజిల్. విన్నాను, విన్నాను. టీచరక్క వేలు మడిచి లెక్కపెడుతోందని కళ్ళజోడు లేకపోయినా నాకు తెలుసు. చెల్లేదీ? ఫోన్ చేసుకుని వస్తానని వెళ్ళిందా? అదే నాకు నచ్చనిది, మంచి పట్టు మీదున్నప్పుడు లేచిపోతారు. వచ్చాక నువ్వే చెప్పక్కా, బిల్డింగు ఒరిగినంత వరకూ.

ఈలోగా బావా, నీకో చిన్న పరీక్ష. ఊరికే, నీ పనితనం ఎంతో చూద్దామని. ఒక మనిషి ఉన్నాడనుకో. కథలో మనిషి. ఇలాంటి తాళం ఉన్న తలుపుకి అవతల ఉండాల్సినవాడు గాలికి తలుపు పడిపోవడం వల్ల ఇవతల ఉండిపోయాడు. చేతిలో తాళంచెవి లేదు. చుట్టూ ఉన్నవల్లా బట్టలు, బట్టలకి పెట్టే క్లిప్పులు, ఎండిపోయిన తులసి మొక్క కుండీ ఒకటి. వాడు ఎలా తీస్తాడు?

“తియ్యలేడు,” అన్నాడు బావ. “బయట నుంచి తాళంచెవి లేకుండా రాదు, అందుకే దాన్ని అమ్ముతాం. తాళంచెవి ఎక్కడుంది?”

లోపల మేకుకి, భద్రంగా.

“నీదా, కథలో మనిషిదా?”

కథలో మనిషిదే. నువ్వు ప్రతిదానికీ వంకర అర్థాలు తియ్యకు బావా. క్లిప్పు వంచి లోపలికి దూరిస్తే? ఆరు క్లిప్పులు విరిగాయనుకో, ఏడోది? రాదా. సరే, నువ్వు తప్పావు పరీక్ష. ఎందుకంటే ఆ తాళం కంపెనీవాళ్ళు కూడా నీలాగే చేతులెత్తేశారు. అవును మరి, వాళ్ళు రాలేదనుకున్నావా? నేను బిగించానన్న వార్త వాళ్ళ చెవిన పడి, కారు వేసుకుని మా ఇంటికి వచ్చారు. మా ఫ్యాక్టరీలో కూడా ఇంత గట్టిగా ఎవరూ బిగించలేదు సార్, రహస్యం ఏంటి అని ఈ గుమ్మంలోనే నిలబడి బతిమాలారు. నేను టీ తాగుతూ, వాళ్ళ మొహం కూడా చూడకుండా, చిటికెన వేలి గోరుతో ఇలా అన్నాను. తలుపు తెరుచుకుంది. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“తమ్ముడూ, మూడోది అయింది,” అంది టీచరక్క. “లేచి స్టవ్ కట్టి రా. మేమెక్కడికీ పోము.”

మధ్యలో లేస్తే కథకి అవమానం అక్కా. పైగా కొత్త కుక్కర్లకి మొదటి మూడు విజిల్సూ లెక్కలోకి రావు, అవి గొంతు సవరించుకోవడం. వాసనా? వాసన నాకు రావడం లేదు. అంటే కొంచెం వస్తోంది, పక్కింట్లోది. ఈ గాలి అంతే, ఎవరి మాడు ఎవరింటికి తెస్తుందో చెప్పలేం. చెల్లి వచ్చిందా? వచ్చాననైనా అనదు ఈ పిల్ల. కూర్చో, అసలైన ఘట్టం ఇప్పుడే.

ఆ కంపెనీవాళ్ళు ఊరుకోక నా పేరు ఒక పెద్ద బ్యాంకువాళ్ళకి చెప్పారు. వాళ్ళ ఇనప్పెట్టెల గది ఉంటుంది చూడు, ఆ తలుపు పడిపోయింది, మేనేజరు లోపల ఉండిపోయాడు. నేనప్పుడు ఆఫీసులో ఉన్నాను, మా ఆఫీసరు నన్ను నిలబెట్టి ఏదో ఫైలు గురించి... మెచ్చుకుంటున్నాడు. ఫోన్ వచ్చింది. ఆఫీసరుగారూ, మీరు కాసేపు ఆగండి అన్నాను. ఆగాడు. ఫోన్ తీసుకెళ్ళి ఆ తలుపుకి ఆనించండి అని బ్యాంకువాళ్ళకి చెప్పాను. ఆనించారు. నేను ఏం చేశానో తెలుసా? దగ్గాను. ఒక్కటంటే ఒక్క దగ్గు, ఖళ్ అని. అంత లావు ఇనప తలుపు వణికిపోయి బార్లా తెరుచుకుంది. మేనేజరు బయటికి వచ్చి ఇదెవరి దగ్గు అని అడిగాడట.

నాలుగా, ఐదా? నువ్వు లెక్కపెట్టకక్కా, నువ్వు లెక్కపెడుతుంటే నాకు గుండె దడదడలాడుతోంది. అంటే, కథ తాలూకు ఉద్వేగం.

“పోనీ నేను రానా?” అన్నాడు బావ. “స్క్రూడ్రైవర్ తెస్తాను.”

నువ్వొచ్చేసరికి గంట పడుతుంది బావా, అప్పటికి... అప్పటికి కథ అయిపోతుంది. ఎందుకు రావడం, నాకేమైందని? వినండి. ఇంతకన్నా పెద్దది ఉంది, ఇది నేను మీ వదినకి కూడా చెప్పలేదు. ఒక దేశం. ఏ దేశమని అడక్కండి, చెప్పనని మాటిచ్చాను. ఆ దేశపు ఖజానాకి ఏడు తలుపులు, ఏడూ ఒకేసారి బిగుసుకుపోయాయి. మంత్రులు వచ్చారు, సైన్యం వచ్చింది, ఏనుగుల్ని తెచ్చారు, అన్నీ తోక ముడిచాయి. చివరికి వీడియో కాల్‌లో నన్ను పట్టుకున్నారు. నేను ఇదే బాల్కనీలో, ఇదే పిట్టగోడ మీద ఫోన్ ఆనించి కూర్చున్నాను. దగ్గాను, ఒక తలుపు. దగ్గాను, రెండో తలుపు. అలా ఆరు. ఏడోది మొండికేసింది. దాన్ని దగ్గకుండా ఉత్తినే ఇలా ఓ చూపు చూశాను. దానంతట అదే సిగ్గుపడి తెరుచుకుంది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడితో ఆగిందా? నా దగ్గు గాలిలో పాకి ఆ దేశంలో ఉన్న తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇళ్ళు, జైళ్ళు, జంతువుల బోనులు, ఫ్రిజ్‌లు, పెళ్ళాలు డబ్బు దాచుకున్న బీరువాలు. సింహాలు ఫ్రిజ్‌ల దాకా వచ్చేశాయి. బాబూ, మళ్ళీ ముయ్యవయ్యా అని ఆ దేశం మొత్తం ఫోన్లో దండాలు. పొద్దుగూకేదాకా ఒక్కో వీధినీ పేరు పెట్టి పిలిచి మూయించాను. గొంతు పోయింది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టింది అందుకే, జ్వరమని మీ వదిన అంటుంది కానీ.

ఇంతకీ విజిల్స్ ఆగిపోయినట్టున్నాయే. విన్నారా? చప్పుడే లేదు. గ్యాసు అయిపోయిందా, లోపలంతా మసి... కాదు. కాదు కాదు. ఎందుకు ఆగిందో చెప్పనా? ఇందాక మీరు గమనించలేదు, నేను మాట్లాడుతూనే వెనక్కి తిరక్కుండా ఎడమచేత్తో ఇలా సైగ చేశాను, చాలు ఇంక అని. కుక్కర్ నోరు మూసుకుంది. తాళాలే కాదు, గిన్నెలు కూడా నా మాట వింటాయి. ఏమంటారిప్పుడు? నోరెళ్ళబెట్టారా ముగ్గురూ? ఉంటుంది మరి. అందుకే చెప్తున్నా, నేను బిగించిన ఈ తాళాన్ని బయట నుంచి తియ్యగల మనిషి ఈ భూమ్మీద ఒకే ఒక్కడున్నాడు.

“ఆ ఒక్కడూ బయటే ఉన్నాడుగా అన్నయ్యా,” అంది నర్సు చెల్లి. “తీసుకుని లోపలికి వెళ్ళు మరి.”

వెళ్తాను. వెళ్ళలేననుకుంటున్నావా? గాలి ఇంకొంచెం... చెల్లీ, అది కాదు. క్లిప్పులు మొత్తం విరిగిపోయాయి. గోరు కూడా విరిగింది. ఎంతసేపటి నుంచి ఉన్నానో నాకే తెలీదు, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, ఆ కుక్కర్ ఏమైపోయిందో ఇక్కణ్ణుంచి కనపడి చావదు. ఎంత ఇష్టపడి తెచ్చుకుందో తెలుసా. మీలో ఎవరైనా మీ వదినకి ఫోన్ చెయ్యండి. నేను చెయ్యలేను. ముందు స్టవ్ కట్టమనండి, నన్ను తర్వాత చూసుకోవచ్చు.

“రెండో విజిల్‌కే చేశాను,” అంది నర్సు చెల్లి. “వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది. స్టవ్ కట్టింది తనే, నీ సైగ కాదు. కుక్కర్‌కి ఏమీ కాలేదు, అడుగు కొంచెం పట్టిందంతే. ఖజానా మొదటి తలుపు దగ్గర్నుంచీ తను మన కాల్‌లోనే ఉంది, నీ వెనకాల అద్దం అవతల నిలబడి వింటోంది. కళ్ళజోడు లేదు కదా, నీకు కనపడలేదు.”

నా వెనకాలా? ఎప్పట్నుంచీ... ఏమేవ్, వచ్చావా. అదృష్టవంతుణ్ణి. చూశావా, కుక్కర్ బాగానే ఉందట, నేను ముందే అనుకున్నాను. ఆ మేకుకి తాళంచెవి ఉంటుంది చూడు, అసలు లోపల్నుంచైతే దాంతో కూడా పనిలేదు, ఆ పిడి ఇలా తిప్పితే చాలు. తిప్పవే. అలా చేతులు కట్టుకుని నిలబడ్డావేంటి, చలిగా ఉందే, తలుపు తియ్యి.

“ముందు ఒకసారి దగ్గండి, చూద్దాం,” అంది ఆవిడ.