మింగని మాత్ర

బంగారుపాళ్యం దాటిన తరువాత, మామిడికాయల లారీలు బారులు తీరిన దారి పక్కన, సుబ్బన్న చెరుకురసం బండి నీడలో, సముద్రం నుంచి సముద్రానికి నడుస్తున్న మరిదికి అడ్డంగా జయంతి నిలబడింది. బస్సు ఆమెను దించి వెళ్లిపోయింది. ఆమె కోపం మాత్రం ఇంకా దిగలేదు.

"జరుగు వదినా. దోవ ఇయ్యి."

"ఇయ్యను. ఇయ్యనంటే ఎట్లుంటాదో తెలుసుకో."

"ఎండ ముదరక ముందే మొగిలి కొండ ఘాటు ఎక్కాల. సాయంత్రానికి పలమనేరు చేరాల."

"ఎక్కుతువు, చేరుతువు. ముందు ఆ చొక్కా మింద ఏం రాసినారో చదవనీ. 'నా అడుగు, మీ ఆయువు.' అబ్బో! ఎవురి ఆయువు ప్రసాదూ?"

"కిడ్నీలు చెడినోళ్లది. డయాలసిస్ మిషన్లు కొనేదానికి మా సంస్థ చందాలు పోగు చేస్తా ఉండాది. నీకు తెలుసు గదా."

"తెలుసు. మీ అన్న ఆ చెడినోళ్లల్లో లేడా?"

"వదినా, నడిరోడ్డు మింద వద్దు."

"ఇల్లు తొక్కనోడితో రోడ్డు మింద గాక యాడ మాట్లాడాల?"

"అమ్మా, అమ్మా, అరిస్తే గొంతు ఆరిపోతాది. కోపం బండి కాడ పెట్టి కూర్చో. సామీ, మీరూ కూర్చోండి. పచ్చగుడ్డ కట్టకపోయినా కాలినడకన పోయేవోళ్లు నాకు సాములే. ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. తిరుపతి ఆ పక్క. మీరు ఏడుకొండలకు వీపు పెట్టి పోతా ఉండారు."

"తిరుపతికి కాదన్నా. మద్రాసు సముద్రం కాడ బయల్దేరినా. మంగళూరు సముద్రం దాకా పోతా."

"ఆడ ఏం దేవుడుండాడు?"

"దేవుడి కోసరం కాదు."

"నేను చెప్తా ఇను. సుబ్బన్నే గదా నీ పేరు, బండి మింద రాసుండాది. ఈయన నా మొగుడి తమ్ముడు, మునిప్రసాద్. పేపర్లో బొమ్మ పడిన మనిషి. నా మొగుడు దామోదరం చిత్తూరు ఆస్పత్రిలో, ఇదో ఇప్పుడు, నేను నీతో మాట్లాడతా ఉండే ఈ నిమిషంలో, మిషను పక్కన మంచం మింద ఉండాడు. ఒంట్లో రక్తమంతా బయటికి పొయ్యి, కడుక్కోని, మళ్లీ లోపలికి పోతాది. దినం మార్చి దినం. ఆయనకు సూది గుచ్చించి, బస్సెక్కి వచ్చినా ఈ మహానుభావుడి దర్శనానికి."

"అన్నకు ఎట్లుండాది?"

"అడగొద్దు."

"వదినా, ఎట్లుండాదో చెప్పు."

"అడిగే హక్కు లేదు నీకు! ...సూది గుచ్చే చేతి నరం పూడిపోతా ఉండాదంట. ఇంకో చేతిలో తియ్యాలంటారు. అదీ పూడితే మెడ కాడ. 'ఎన్నాళ్లమ్మా ఈ కుట్లూ కోతలూ? తోడబుట్టినోడు ఉండాడు గదా, కిడ్నీ ఇస్తే మనిషి నిలబడతాడు' అన్నాడు ఈ పొద్దు డాక్టరు. నేను ఇస్తానంటే నాకు చక్కెర జబ్బుండాదని కాదన్నారు. 'తోడబుట్టినోడు ఉండాడు సారూ' అన్నా. 'నడస్తా ఉండాడు' అన్నా. ప్రసాదూ, తల దించుకుంటే సరిపోదు."

"అమ్మా, ఆయన తల దించుకోలేదు, కాలు చూసుకుంటా ఉండాడు. అయ్యయ్యో! సామీ, ఆ మడమ చూడండి, తొక్క లేచిపోయి పచ్చిగా ఉండాది. ఉండండి, నా దగ్గర నొప్పి మాత్ర ఉండాది. రసంతో పాటు ఒకటి మింగితే ఘాటు ఎగిరి దూకుతారు."

"వద్దన్నా."

"ఒక్కటే."

"వద్దు. నొప్పి మాత్రలు కిడ్నీకి మంచివి కావు. మద్రాసు నుంచి ఒక్కటి కూడా మింగలేదు."

"ఇన్నావా సుబ్బన్నా, ఇన్నావా! కాలు పుండైనా పర్వాలేదు, కిడ్నీ మాత్రం కందకూడదు. ఏం భద్రం! ఏం భద్రం! నగను బీరువాలో పెట్టినట్టు లోపల పెట్టి బీగం ఏసుకున్నాడు. పక్కన అన్న సచ్చినా సరే, బీగం తియ్యడు."

"భద్రంగా పెట్టుకోవాల గదా వదినా."

"సిగ్గులేదూ, నా మొగం మిందనే అంటా ఉండావు?"

"నాకు కాళ్లుండాయి. కాళ్లతో అయ్యేది చేస్తా ఉండా."

"కాళ్లు! మీ నాయన పోయినప్పుడు నీకు నడక కూడా సరిగ్గా రాదు. ఆ కాళ్లు నేల మింద పెట్టనిచ్చినాడా మీ అన్న? నీ పుట్టెంటికలు తీయించేదానికి తిరుమల మెట్లన్నీ నిన్ను భుజాన మోసినాడు. మోకాళ్ల పర్వతం కాడ మెట్టు మెట్టుకీ మోకాళ్లూని ఎక్కినాడంట, నిన్ను దించకుండా. అత్తమ్మ చెప్పి చెప్పి ఏడ్చేది. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు."

"తెలిసీ..."

"తెలుసు గాబట్టే..."

"గాబట్టే? గాబట్టే ఏంది?"

"ఏం లేదు. రసం తాగు వదినా."

"తాగను. పలమనేరులో మా వీధి మొగదల్లోనే స్టేజీ కడతా ఉండారు నీకు. పూలదండ చెప్పినారు. మైకు చెప్పినారు. నీ బొమ్మ ఏసిన ఫ్లెక్సీ మా గుమ్మానికి ఎదురుగ్గా కట్టినారు. రేపు మీ అన్న ఇంటికొచ్చి తలుపు తీస్తే ఆయనకు కనపడేది నువ్వు, నీ నవ్వు మొగం. నువ్వు నవ్వుతా ఉంటావు, ఆయన చూస్తా ఉంటాడు."

"ఫ్లెక్సీ తీసేయమని చెప్తా."

"ఫ్లెక్సీ తీసేస్తే ఏం లాభం? ఊరంతా నన్నే అంటారు, మరిది ఊరూరా తిరిగి పున్నెం చేస్తా ఉంటే ఓర్వలేక పోతా ఉండాదని. కాబట్టి ఇను. దండ ఏసుకునే ముందు, మైకు పట్టుకోని చెప్పు. 'మా అన్నకు కిడ్నీ కావాల్సొచ్చింది. నేను ఇయ్యనన్నాను.' అంతే. ఆ తర్వాత దండ ఏసుకో, నాకేం అక్కర్లేదు."

"చెప్తా."

"ఏమన్నావు?"

"చెప్తానన్నా. ఇయ్యనన్నాను. నేనే అన్నా. మైకులో చెప్తా. దండ బదులు చెప్పులేసినా పడతా. చాలా? జరుగు."

"చాలదు. ఇంత సులువుగా ఒప్పుకుంటా ఉండావంటే మైకు కాడ మాట మారుస్తావు. నిన్ను నమ్మను. బస్సెక్కు, కాణిపాకం పోదాం. వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యి."

"ఏమని?"

"అదే మాట. 'మా అన్న అడిగినాడు, నేను ఇయ్యనన్నాను' అని."

"...బస్సెక్కితే నడక చెడతాది వదినా. అడుగు అడుగూ నేల మిందనే పెట్టాల."

"సామీ, దానికి నేనుండా. మీ కాలు ఉండే చోట ఒక రాయి పెడతా. నా బండి ఈడనే ఉంటాది, రాయి యాడికీ పోదు. పొయ్యొచ్చి మళ్లీ ఆ రాయి మింద నుంచే నడవండి. నడకకు దోషం లేదు."

"నువ్వు ఊరుకో అన్నా!"

"ఊరుకుంటా గానీ ఆయమ్మ చెప్పింది న్యాయమే. మా అన్నదమ్ములం గట్టు తగాదాకి కాణిపాకమే పొయినాం. మా పిన్నమ్మ కోడి పోతే కూడా ఆడికే పొయింది. తడిగుడ్డల్తో నిలబడి ఆ సామి ముందర అబద్ధం ఆడినోడు బాగుపడలేదు. అందుకే కోర్టులో అబద్ధం ఆడేవోళ్లు కూడా ఆడ ఆడరు."

"నిస్సీ వాళ్లల్లో ప్రమాణాలు చెయ్యరు. చెయ్యకూడదంటాది."

"పెండ్లాం కొంగు వెనకాల దాక్కోవద్దు. నిస్సీ చర్చికి పోతాది, నువ్వు పోవు. పెండ్లికి ముందు ఇదే కాణిపాకంలో కొబ్బరికాయ కొట్టింది నువ్వే, పక్కన నిలబడింది నేనే."

"పెద్ద ఘాటు ఉండాది వదినా. పొద్దు పోతా ఉండాది."

"ప్రమాణం చెయ్యి."

"మైకులో చెప్తానన్నా గదా. పేపర్లో రాయిస్తా. మన వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్తా."

"ప్రమాణం."

"అది మాత్రం వద్దు."

"ఏంటికి వద్దు?"

"వద్దంటే వద్దు."

"ఇదేం విడ్డూరం సామీ! నా వయసులో ఇట్లాంటిది చూడలేదు. దొంగతనం చెయ్యలేదని ప్రమాణం చెయ్యమంటే భయపడే దొంగల్ని చూసినా. దొంగతనం చేసినా అని చెప్పేదానికి భయపడేవోణ్ణి మిమ్మల్నే చూస్తా ఉండా."

"...సుబ్బన్నా. ఆ మాట ఇంకోసారి చెప్పు."

"ఏ మాటమ్మా?"

"వద్దు లే. ఇన్నా. బాగా ఇన్నా. ప్రసాదూ, నా మొగం చూడు."

"లారీ వస్తా ఉండాది. పక్కకి రా వదినా."

"పోనీ లారీని. ఇయ్యనన్నానని ఇప్పుడే నాతో చెప్పినావు. అది నిజమేనా?"

"చెప్పినా గదా."

"నిజం చెప్పేవోణ్ణి వినాయకుడు ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడు."

"మరి దేనికి భయం?"

"...రసంలో నిమ్మకాయ పిండినావా సుబ్బన్నా?"

"పరీక్ష చేయించుకున్నావా ప్రసాదూ? మీ అన్న కోసరం రక్తం ఇచ్చి చూపించుకున్నావా?"

"అల్లం తక్కువైందన్నా."

"కుదిరింది. మీ ఇద్దరికీ కుదిరింది గదా? అయ్యో, నా తల్లో మన్ను! కుదిరింది."

"వదినా, నేనేం చెప్పలేదు."

"పోయిన ఏడు ఉగాది తర్వాత ఒక దినం మీ అన్నకు ఫోను చేసినావు. బయట పశువుల కాడ నిలబడి మాట్లాడినాడు. లోపలికొచ్చి నవ్వుతా చెప్పినాడు, నిస్సీ నీళ్లు పోసుకుందంట అని. నేను చక్కెర తెచ్చి నోట్లో పోసినా. ఆ చక్కెర కరగక ముందే మొగం తిప్పుకోని అన్నాడు, 'వాడు ఇయ్యనన్నాడు. ఇంక వాడి మాట ఎత్తొద్దు. వాణ్ణి అడిగినావంటే నా మింద ఒట్టే' అని. రెండు మాటలూ ఒకే ఫోన్లోవి. నేను కలిపి చూసుకోలేదు. ఎట్ల కలపకుండా పొయినా?"

"నేనేం చెప్పలేదు."

"నన్ను అడగొద్దని ఒట్టు ఏయించినాడు. నిన్ను చెప్పొద్దని ఏయించుంటాడు. ఇద్దరి నోళ్లకీ ఒకే బీగం. ఏమన్నాడు నీతో? 'నీకు బిడ్డ పుడతా ఉండాది, నీ ఒళ్లు కోయించుకోను' అన్నాడా? 'నేను మోసిన పిల్లోడి ఒంట్లోంచి తీసుకుంటానా' అన్నాడా? అట్లనే అనుంటాడు. ఆ మొండి మనిషి అట్లనే అంటాడు."

"కాలు మండుతా ఉండాది వదినా. నన్ను పోనీ."

"మండుతాది, ఎందుకు మండదు? మాత్ర మింగలేదు గదా. ఏంటికి మింగలేదు? ఇయ్యననేవోడికి అంత భద్రం ఏంటికి? మద్రాసు నుంచి పచ్చిపుండు మింద నడస్తా, ఒక్క మాత్ర మింగకుండా, లోపలుండేదాన్ని ఎవురి కోసరం దాస్తా ఉండావు ప్రసాదూ? ఎవురన్నా ఎప్పుడన్నా మనసు మార్చుకుంటారనా?"

"సుబ్బన్నా, నువ్వు సాక్షి. నేను నోరు తెరిచి ఏం చెప్పలేదు."

"సాక్షినే సామీ. యాడికి రమ్మన్నా వచ్చి చెప్తా. ఈయన ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మ ఒక్కతే అడిగింది, అమ్మ ఒక్కతే ఇన్నింది."

"ఏడాది. ఏడాదిగా నిన్ను తిట్టని పొద్దు లేదు నేను. నీ బిడ్డను చూసేదానికి కూడా రాలేదు. నిస్సీ పిలిస్తే ఫోను పెట్టేసినా."

"బిడ్డది నీ పోలికే అంటారు వదినా. మొగం చిట్లిస్తే నీ మాదిరే ఉంటాది."

"నోరు ముయ్యి. ఆ మాత్రను దూరంగా పారెయ్యి సుబ్బన్నా. వాడికి ఇంకో గ్లాసు రసం పొయ్యి. వాడు బాగా తాగాల. మొగిలి ఘాటు ఎక్కే లోపల నీళ్లు దండిగా తాగాల వాడు."

"ఫోను ఎవురికి చేస్తా ఉండావు? వదినా! వద్దు వదినా, నేను మాటిచ్చినా..."

"నువ్వు ఇచ్చినావు, నువ్వు నిలబెట్టుకో. నేను అడగనని ఇచ్చినా, తప్పినా. ఆ పాపం నాది... అలో? సిస్టరమ్మా, నేను దామోదరం భార్యను. ఫోను కొంచెం ఆయన చెవి కాడ పెట్టు తల్లీ. ...ఏమయ్యా. యాడుండానో తర్వాత చెప్తా. ఆ, వాడి దగ్గరే ఉండా. తిట్టలేదు. తిట్టినా లే, తిట్టినా. వాడు ఏం చెప్పలేదు, వాడు నీ తమ్ముడు, చంపినా చెప్పడు. నువ్వు లేవొద్దు, సూది కదులుతాది, పండుకోని ఇను. రేపు నీకు మిషను లేదు. తెల్లార్తోనే మనిద్దరం కాణిపాకం పోతా ఉండాం. చేతి కట్టు తడవకుండా నీ తల మింద నీళ్లు నేనే పోస్తా. తడిగుడ్డల్తో ఆ సామి ముందర నిలబడి, 'నా తమ్ముడు ఇయ్యనన్నాడు' అని నువ్వు చెప్పు. ...ఏమయ్యా? ...పలకవే? ...చెప్పలేవు గదా. చెప్పలేకపోతే, వాడు ఇచ్చేది తీసుకో."