మీ తాత పరీక్షకిచ్చిన మట్టి

"అమ్మమ్మా, మన మడి మట్టి పరీక్షకి తెమ్మన్నారు. గట్టు పక్కన్నుంచి తీసీనా?"

గట్టు పక్కనా? ఆ సంచి కింద పెట్టి ఇలా కూకోయే గౌరీ. ఇదే తొందర మీ తాతది. అదిగో, అరుగు మీద పడుకుని వింటన్నాడు, విననీ.

మొదటిసారి యవసాయం ఆఫీసరు మన ఊరొచ్చి మట్టి అడిగినప్పుడు, ఎవరి మడి గొప్పదో సూస్తారనుకున్నారు మగోళ్లంతా. పరీక్ష అన్నారు కదా మరి. మీ తాత ఏటి సేసినాడు? పల్లపు మడిలో ఏటేటా పేడ గెత్తం పోగేసీ మూలున్నాది సూడు, అక్కడ తవ్వినాడు. నల్లటి మట్టి, ఎంత మెత్తగున్నాదో. మా అయ్యైతే మట్టి నాలిక మీదేసుకుని ఉప్పు తగిలిందో లేదో సెప్పీవోడు... అది కాదులే, ఏటి సెప్తన్నాను? ఆఁ, కాయితం వచ్చింది. నేల బలంగా ఉన్నాది, యూరియా సగం ఏస్తే సాలని. ఇంక మీ తాత మీసం మీంచి సెయ్యి దించితే ఒట్టు.

నాట్లేసీసి ఉబాలయినాయి. సగమే ఏసినాడు. నెల తిరక్కుండా మడంతా పసుపచ్చగా తిరిగిపోయింది. యేడాది తిండి ఆ మడే కదమ్మా. ఈయనేమో అది దొంగ పరీక్ష, ఆ ఆఫీసరు సంగతి తేలుస్తానని తువ్వాలు బుజానేసుకున్నాడు. మట్టెక్కడ తీసినావని అడిగినాను. గెత్తం మూలన అన్నాడు, అదీ గొప్పగా.

"నీకు ఒంట్లో బాగోక ఆస్పత్రికెల్లి, మన దున్నపోతు రగతం ఇచ్చొస్తే డాక్టరేటి సెప్తాడు?" అన్నాను.

తువ్వాలు తీసి దండెం మీదేసీసినాడు. అప్పటికప్పుడు యూరియా తెచ్చి ఏసినాం. తిండికి అందింది గానీ అమ్ముకోడానికి మిగల్లేదు. ఊళ్లో మిగతావోళ్లూ అంతేనే, ఎవడికాడు మంచి సోటే ఏరి తీసినాడు. ఆ యేడు కాయితాలు సూస్తే మన ఊళ్లో బలం లేని నేలే లేదు.

మరుసటి యేసంగిలో నేనే పారట్టుకెల్లినాను. మడంతా అటూ ఇటూ తిరుగుతా, పైన గడ్డీ గాదం గీకీసి, జానెడు లోతు గుంట తీసి, దాని అంచు సెక్కి తీసినాను. అన్ని సోట్లదీ గోనె మీద కలిపి, నీడన ఆరబెట్టి, అందులోంచి కొంత సంచిలో పోసిచ్చినాను. ఈసారి కాయితం నిండా తక్కువలే. మీ తాత సిగ్గుపడి బీరువాలో దాసీసినాడు. నేను బయటికి తీసి, అందులో ఎరువులు ఎలాగ రాసుంటే అలాగే ఏయించినాను. పంటెలాగొచ్చిందో ఆయన్నే అడుగు.

అంచేత గట్టొదిలీ, సెట్టు నీడొదిలీ, గెత్తం మూలొదిలీ. మడి ఆకలి నువ్వే దాసీస్తే దానికి అన్నం ఎవరెడతారే?

ఎల్లు తల్లీ, ఎండెక్కకముందే ఎల్లు. నీ సేను సల్లగుండాల, నువ్వూ సల్లగుండాల... ఆ పార వద్దు, దాని కర్ర వదులుగున్నాది.