కొయ్యకు తగిలించిన బూట్లు

ఆ బూరా ఎవరిదనా? కింద పడెయ్యకు నాయనా, దానికి ఇప్పటికే ఉన్న సొట్టలు చాలు. మీ పెద్దతాతది. అంటే మీ తాతకి అన్నయ్య, నాకు బావగారు. నువ్వు పుట్టకముందే పోయారులే. ఆయనదంటే ఆయన ఊదేవారనుకునేవు, అంత అదృష్టం కూడానా! ఒక్కసారి ఊదారు, ఎదురింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచి మధ్యాహ్నమంతా ఏడ్చింది. ఆయనకి వచ్చింది తాళాలు బాగుచెయ్యడం. వీధి మొగలో చిన్న కొట్టుండేది.

అప్పట్లో మన వీధి కుర్రాళ్ళు మహా ముదుర్లు. సైకిలుకి గంట ఉండనిచ్చేవారు కాదు, కుళాయికి మర ఉండనిచ్చేవారు కాదు. ఆరేసిన బట్టలకి నేను కాపలా కూర్చునేదాన్ని, మీ తాత లుంగీ అయినా సరే. వాళ్ళకి నాయకుడు చిలక అని ఒకడు, ముక్కు అలా ఉండేది. వాడికి ఎంత పొగరంటే తాళాల కొట్టుకే కన్నం వెయ్యబోయి దొరికాడు. ఇంకొకరైతే స్టేషనుకి ఈడ్చేవారు. ఈయన వాడికి టీ ఇప్పించి, సాయంత్రాలు ఏం చేస్తావురా అని అడిగారట. ఏం లేదండీ, అందుకే ఇదీ అన్నాడట వెధవ. మా బావగారు ఆ మాట పట్టుకున్నారు. పట్టుకుంటే ఉడుంపట్టే. మూతపడ్డ బ్యాండు కంపెనీ సామానంతా తెచ్చారు. కుర్రాళ్ళు చెడిపోకుండా మునిసిపాలిటీ ఇచ్చే సాయమేదో ఉందంటే చెప్పులరిగేలా తిరిగి సంపాదించారు. దాంతో సందు చివర హాలు అద్దెకి తీసుకుని, నేర్పడానికి పళ్ళూడిన క్లారినెట్టాయన్ని పెట్టారు. ఈయన పట్టుదలల్లా ఒక్కటే: వాయించాక తుడవాలి, ఎవరి కొయ్యకి వాళ్ళు తగిలించాలి. తుడవనివాడికి టీ లేదు.

ఇంక చూడు, సాయంత్రమైతే చాలు వీధిలో ఉన్న చెవులన్నీ హారతి కర్పూరమే. నేనూ తిట్టాను, అబద్ధమెందుకు. కానీ గంటలు సైకిళ్ళకే ఉన్నాయి, లుంగీ తాడు మీదే ఉంది. రెండు చేతులూ బూరా మీద ఉంటే ఎదుటివాడి జేబులో పెట్టడానికి మూడోది ఎక్కణ్ణించి వస్తుంది?

అదే కొంప ముంచింది. మునిసిపాలిటీకి కొత్త ఆఫీసరొచ్చాడు. మీ వీధిలో కేసులే లేవు, పక్క పేటలో దొంగతనాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి, సాయం అక్కడికి మారుస్తాం అన్నాడు. మందేసుకుంటున్నాం కాబట్టే జ్వరం లేదండీ అని ఈయన, జ్వరం లేనివాడికి మందెందుకండీ అని ఆయన. ఆఖరుసారి వచ్చి చూసి చెబుతానన్నాడు. సాయం పోతే హాలు పోతుంది, కుర్రాళ్ళు మళ్ళీ వీధిన పడతారు. ఆ పూట మా బావగారు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచిపోయారు. గుమ్మంలో నిలబడి నాతో అన్నారు కదా, "అమ్మాయ్, అర్జెంటుగా ఒక్క దొంగతనం కావాలి."

నవ్వకు. నిజంగానే చిలకని పిలిచి, ఆఫీసరు గుమ్మంలో బూట్లు విప్పుతాడు, ఎత్తుకుపోరా అన్నారు. వాడు తల గోక్కున్నాడు. అలవాటు తప్పిందండీ, ముందొకసారి రిహార్సలు వేస్తానండీ అన్నాడు. దొంగతనానికి రిహార్సలు! నా రెండు చెప్పులూ దానికే బలైపోయాయి.

ఆఫీసరొచ్చాడు, లోపల కూర్చున్నాడు, పాట విన్నాడు. లేచి చూస్తే గుమ్మంలో బూట్లు లేవు. మా బావగారి మొహం చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. చూశారా సార్, పట్టపగలు, మీ బూట్లే, ఎంత చెడిపోయిందండీ మా వీధి అని ఒకటే సంబరం. ఆఫీసరేమో గోడకేసి చూస్తున్నాడు. చూస్తే ఏముంది? బూరాకీ క్లారినెట్టుకీ మధ్యన, చిలక కొయ్యకి, లేసులు ముడేసి బూట్లు వేలాడుతున్నాయి. తుడిచి మరీ! కొన్న రోజున కూడా అంత మెరిసి ఉండవు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా దొంగల్ని ఆఫీసరు కదలకుండా పట్టేశాడు. ఏరా ఇదేం పనిరా అంటే, చేతిలోకి ఏదొచ్చినా చెయ్యి దానంతటదే తుడిచి తగిలించేస్తోందండీ అని చిలక గాడు ఏడుపు మొహం పెట్టాడు.

ఆఫీసరు నవ్వాడు, పాపం మంచివాడే. బూట్లు తొడుక్కుని, దీన్ని దొంగతనం కింద రాస్తే నా ఉద్యోగం ఊడుతుందండీ అని వెళ్ళిపోయాడు. సాయం పక్క పేటకి పోయింది.

హాలు ఖాళీ చేసిన రోజు మా బావగారు సామానంతా తోపుడుబండి మీద వేసుకొచ్చి మన వాకిట్లో నిలబడ్డారు. వెనకాల కుర్రాళ్ళు. అడగలేక నేల చూపులు చూస్తున్నారు. ముందు గదిలో కుట్టుమిషను ఉంది, పక్కకి జరుపుకోండి అన్నాను. అంతే, అన్నది ఒక్క మాట. ఆయన పోయేదాకా సాయంత్రాలన్నీ ఇక్కడే మోగాయి. నా ఎడమ చెవి వినపడక వెళ్తే డాక్టరు, ఏ మిల్లులో చేశావమ్మా అని అడిగాడు. చిలకా? ఇప్పుడా తాళాల కొట్టు వాడిదే.

ఆయన పోయిన రోజు అందరూ వచ్చారు. ఊదుదామనుకున్నారు. ఏడుస్తూ ఊదితే బూరా పలకదట. తుడిచి, ఎవరి కొయ్యకి వాళ్ళు తగిలించి వెళ్ళిపోయారు. అంత నిశ్శబ్దం ఈ ఇంట్లో నేనెప్పుడూ...

తుడిచావా? సరే, కొయ్యకి తగిలించు. ఆగాగు, తగిలించే ముందు ఒకసారి ఊదు. అటు కాదు, ఈ చెవి వైపు రా.